పాప మాట్లాడదు, అవ్వ దగ్గరకు పోదు: దత్తత వచ్చిన ఒడియా పాప, తిరుపతి ఉమ్మడి కుటుంబం – ఒక కేస్ స్టడీ

అయిదేళ్ల పాప. ఒడిశాలోని ఒక దత్తత సంస్థలో పెరిగి, తిరుపతి శివార్లలో చంద్రగిరి దారిలో ఉండే ఒక ఉమ్మడి కుటుంబానికి దత్తత వచ్చింది. వచ్చేనాటికి ఒడియా తప్ప మరో భాష రాదు. ఆ ఇంట్లో ఒడియా ఒక్క ముక్క కూడా ఎవరికీ రాదు. పిల్లల మాట, ఎదుగుదల సమస్యలు చూసే నా దగ్గరకు ఎందుకు తీసుకొచ్చారన్నది తండ్రి మాటల్లోనే రాసుకున్నాను: “పాప మాట్లాడదు. మా అమ్మ దగ్గరకు అసలు పోదు.”

మాట వస్తే చనువు దానంతటదే వస్తుందని ఇంటిల్లిపాదీ నమ్మారు. అందుకే అందరూ పాపకు తెలుగు నేర్పే పనిలో పడ్డారు. నాకు కనిపించిన వరుస వేరు. ముందు ఈ ఇంట్లో ఎవరో ఒకరి పక్కన పాప బెదురు లేకుండా కూర్చోగలగాలి, ఆ తర్వాతే మాట. కొన్ని నెలలపాటు మేం చేసిన పని చాలావరకు ఈ వరుసను ఇంటివాళ్ల చేత ఒప్పించడమే.

బాలల న్యాయ చట్టం–2015లోని 74వ సెక్షన్ ప్రకారం ఇలాంటి పిల్లలను గుర్తుపట్టే వివరాలు బయటపెట్టకూడదు. అందుకే తల్లిదండ్రుల అనుమతి తీసుకుని కూడా కొన్ని వివరాలు మార్చాను. పేరు ఎక్కడా రాయడం లేదు.

నేపథ్యం

తల్లిదండ్రులిద్దరికీ నలభై దాటాయి. కేంద్ర దత్తత వనరుల సంస్థ ‘కారా’ పోర్టల్‌లో నమోదు చేసుకున్నప్పుడు నెలల బిడ్డనే కోరుకున్నారు. పసిబిడ్డల కోసం ఎదురుచూపు ఏళ్ల తరబడి సాగుతుందని తెలిశాక, కాస్త పెద్ద పిల్ల అయినా, ఏ రాష్ట్రమైనా పరవాలేదనుకున్నారు. భార్యాభర్తల వయసుల మొత్తాన్ని బట్టి కూడా అర్హత మారుతుంది. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే ఆ మొత్తం 85 దాటకూడదు, నాలుగు నుంచి ఎనిమిదేళ్ల బిడ్డకైతే 100 వరకు ఉండవచ్చు. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చే అధికారం కోర్టుల నుంచి జిల్లా మేజిస్ట్రేట్లకు మారింది. వీళ్ల విషయంలో కాగితాల పని సాఫీగానే సాగింది. ఆ తర్వాత రెండేళ్లపాటు ఆరు నెలలకొకసారి సమీక్ష ఉంటుంది. ఆ సమీక్షల మధ్య రోజులు మాత్రం ఇంటివాళ్లు నెట్టుకురావలసినవే.

పాప పసికందుగా ఉన్నప్పుడే సంస్థకు చేరింది. అక్కడి ఆయాలను పిల్లలు మౌసీ అని పిలుస్తారు. ఈ పాపను రాత్రిళ్లు పడుకోబెట్టిన మౌసీ చాలాకాలం మారలేదని ఫైలులో ఒక్క వాక్యం ఉంది. బరువు, టీకాలు, రక్తపరీక్షల పేజీలన్నింటికంటే నాకు అదే ఎక్కువ పనికొచ్చింది. ఒక మనిషికి అలవాటు పడడం ఈ పాపకు తెలుసు. ఆ అనుభవమే లేని పిల్లలతో పని వేరుగా ఉంటుంది.

ఇంటి సంగతి. కింద అవ్వ, తాత, పాప తల్లిదండ్రులు. మేడ మీద పెదనాన్న కుటుంబం. వాళ్లకు ఇంటర్ చదివే అమ్మాయి, ఆరేళ్ల అబ్బాయి. తాత ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యారు. అవ్వ మధ్యాహ్నం వేళ పూలు కట్టి తెలిసిన అంగడికి ఇస్తారు. అవసరానికి కాదు, చేతులు ఊరుకోక. సాయంత్రమైతే వీధిలోని చుట్టాలు ఎవరో ఒకరు వచ్చి కూర్చునే ఇల్లు. పాప వచ్చిన కొత్తలో ఆ రాకపోకలు రెట్టింపయ్యాయి.

ఇంట్లో నేను చూసింది

క్లినిక్‌లో పిల్లలను చూస్తే సగమే తెలుస్తుంది. అందుకే ఒక ఆదివారం ఇంటికి వెళ్లాను. హాలులో తొమ్మిది పది మంది ఉన్నారు. పాప, తల్లి చీర చెంగు పట్టుకుని నిలబడింది. “తాత ఎవరో చూపించు”, “అవ్వా అను, మైసూరుపాకు ఇస్తాను”, “ముక్కు ఏది? చెవి ఏది?” అని వరుసగా అడుగుతున్నారు. ప్రతి ప్రశ్న తర్వాతా నవ్వు. అది ముద్దుతో నవ్విన నవ్వే. భాష తెలియని బిడ్డకు మాత్రం పదిమంది తనను చూసి నవ్వడమే కనిపిస్తుంది. పాప గౌను అంచు నోట్లో పెట్టుకుని నేలకేసి చూస్తూ ఉండిపోయింది. అవ్వ చేతులు చాపారు. పాప జరిగి తల్లి వెనక్కి వెళ్లింది. “చూశారా, నేనంటేనే గిట్టదు” అన్నారు అవ్వ. గదిలో పాప తర్వాత ఎక్కువ నొచ్చుకున్నది ఆమే.

అప్పటికే ఒక బంధువు ‘ఆటిజం ఏమో’ అన్న మాట వదిలి వెళ్లాడు. ఇంకొకరు ఫోనులో తెలుగు పాటల వీడియోలు పెట్టి పాప చేతికిచ్చారు.

పరీక్షలు

మొదట వినికిడి. భాష రాని బిడ్డ పలకకపోతే ‘అర్థం కాలేదులే’ అని వదిలేయడం తేలిక. అలా వదిలేసిన పిల్లల్లో వినికిడి లోపం చాలా ఆలస్యంగా బయటపడడం చూశాను. శబ్దం వినిపించినప్పుడల్లా డబ్బాలో ఒక గోళీ వేయించే పరీక్షకు మాటలతో పని లేదు, చేసి చూపిస్తే చాలు. రెండు చెవులూ బాగున్నాయి.

ఆటలో పాప వేలుతో చూపిస్తుంది, నేను చూసిన వైపు తానూ చూస్తుంది, బొమ్మకు ఉత్తుత్తి అన్నం పెట్టి మూతి తుడుస్తుంది. తల్లికి తలనొప్పిగా ఉన్న రోజు వెళ్లి నుదుటి మీద చేయి వేసిందట. ఆటిజం అనడానికి ఆధారమేమీ కనిపించలేదు. కొన్ని చోట్ల మాత్రమే మాట పెగలని ‘సెలెక్టివ్ మ్యూటిజం’ అన్న పేరు కూడా ఇక్కడ అతకదు. మానసిక సమస్యల నిర్ధారణకు డాక్టర్లు వాడే, 2013లో వచ్చిన డీఎస్ఎం–5 అనే గ్రంథం ప్రకారమే, ఆ భాష తెలియకపోవడం వల్ల వచ్చిన మౌనాన్ని ఆ జాబితాలో చేర్చకూడదు. కొత్త భాషలోకి వచ్చిన పిల్లలు కొన్ని వారాలో నెలలో వింటూ ఊరుకోవడం మామూలే.

అసలైన పరీక్ష ఒడియాలో జరగాలి. తిరుపతిలో అది కష్టమేమీ కాదు. పూరీ నుంచి నేరుగా రైలు ఉంది, సంస్కృతం చదవడానికి వచ్చిన ఒడిశా విద్యార్థులు ఊళ్లో చాలామంది ఉన్నారు. అలాంటి ఒక అమ్మాయి సాయానికి ఒప్పుకుంది. గోప్యత గురించి, ఏమి అడగాలి, ఏమి అడగకూడదు అన్నదాని గురించి ఆమెతో ముందే మాట్లాడాను. పిల్లల ముందు దుబాసీగా కూర్చోవడం చాలామంది అనుకునేంత చిన్న పని కాదు.

ఆమె రెండు మాటలు పలికేసరికి పాప నోరు విప్పింది. పూర్తి వాక్యాలు, వయసుకు తగిన భాష. అన్నీ ఫిర్యాదులే! మేడ మీది అబ్బాయి చెప్పులు దాచాడు. కూర పుల్లగా ఉంటుంది. మౌసీ ఎప్పుడు వస్తుంది? చివరికి ఆ అమ్మాయిని అడిగింది: నన్ను తీసుకెళ్లడానికి వచ్చావా?

ఈ ప్రశ్న వస్తుందని అనుకునే ఉన్నాం. “లేదు, నేను ఈ ఊళ్లోనే చదువుకుంటున్నాను. సాయంత్రం నా గదికి వెళ్లిపోతాను. నువ్వు మీ అమ్మతో ఇక్కడే ఉంటావు” అని ఆమె ఒడియాలో చెప్పింది. పాప ఏడవలేదు. వెళ్లి చెప్పులు వేసుకుని వాకిట్లో కూర్చుంది. చాలాసేపు లేవలేదు. ఆ రాత్రి నిద్ర కూడా ఆలస్యమైంది. అందుకే ఆ అమ్మాయి రాకకు ఒక పద్ధతి పెట్టాం: వారంలో ఒకే రోజు, ఎప్పుడూ ఇంట్లోనే, తల్లి పక్కన ఉండగానే. సంస్థల నుంచి వచ్చిన పిల్లలకు సొంత భాష వినగానే ఊరట కలుగుతుంది, తిరిగి పంపేస్తారన్న భయమూ కలుగుతుంది. రెండూ ఒకేసారి కలగవచ్చు.

అవ్వకు ఏ పని ఇవ్వాలి?

దత్తత పుస్తకాలు ఎక్కువగా చెప్పే సలహా ఒకటుంది. మొదటి కొన్ని నెలలు తిండి, స్నానం, ఓదార్పు తల్లిదండ్రులే చూడాలి, బంధువులు దూరంగా ఉండాలి. ఆ సలహా వెనుక కారణం మంచిదే. పదిమంది చేతుల్లో పెరిగిన బిడ్డకు ‘వీళ్లే నా వాళ్లు’ అని ముందు తెలియాలి. కానీ అది నలుగురే ఉండే ఇళ్లను చూసి రాసింది. అవ్వను తన ఇంట్లోనే చుట్టంలా ఉండమంటే ఆమె నొచ్చుకుంటుంది, ఆ నొప్పి కోడలి మీదకు మళ్లుతుంది, ఆ బిగువు పాపకు ఏ భాషలోనైనా తెలిసిపోతుంది. చుట్టాల సాయంత్రాలను మాత్రం గట్టిగానే ఆపించాను. నిద్ర, ఏడుపు, దెబ్బ తగిలితే ఎత్తుకోవడం తల్లిదండ్రులవే అన్నాను. అవ్వను మాత్రం దూరం పెట్టలేదు, ఒక పని ఇచ్చాను.

1964లో షాఫర్, ఎమర్సన్ అనే పరిశోధకులు గ్లాస్గోలో 60 మంది శిశువులను గమనించి రాసిన విషయం ఇలాంటి ఇళ్లలో నాకు తరచూ గుర్తొస్తుంది. పిల్లలు తమతో ఎక్కువసేపు ఉన్నవాళ్లకే దగ్గరవుతారని లేదు, తమ సైగలకు బదులిచ్చేవాళ్లకు దగ్గరవుతారు. అయితే బదులివ్వాలంటే ముందు పాప ఏదో ఒకటి చేయాలి. ప్రశ్నల వర్షం కురుస్తున్నంతసేపూ ఆ వంతు పాపకు రాదు.

అవ్వ మధ్యాహ్నం పూలు కట్టే చోట ఇంకొక పీట వేయమన్నాను. ఎదురుగా కాదు, పక్కగా. పిలవవద్దు, ప్రశ్న అడగవద్దు, మిఠాయి చూపవద్దు, పాప కూర్చుంటే ‘వచ్చింది చూడండి’ అని లోపలికి కేక వేయవద్దు. తన పనిలో తాను ఎప్పటిలా గొణుక్కోవచ్చు. “అంటే ఊరకే ఉండమంటారు” అన్నారు. అవునన్నాను. ఆమె ముఖం చూస్తే నా ఫీజు దండగ అనుకున్నట్టే ఉంది.

అవ్వ అరటి నారను నీళ్లలో నానబెట్టి ఒక కొస కాలి బొటనవేలికి ముడివేస్తారు. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు, కాడలు ఎదురెదురుగా పెట్టి నార మెలిక తిప్పి బిగిస్తారు. కొన్ని వరుసలకొకసారి మధ్యలో మరువం రెబ్బ. చేతులు ఆడుతుంటే నోరు “రెండు, రెండు, రెండు, పచ్చ” అంటూ ఉంటుంది. పాప మొదట గుమ్మంలో నిలబడి చూసేది. తర్వాత పీట అంచున కూర్చుంది. కొన్నాళ్లకు బుట్టలోంచి మొగ్గలు తీసి జంటలుగా పళ్లెంలో పేర్చడం మొదలుపెట్టింది. కాడలు ఒక వైపుకు లేకపోతే అవ్వ మాట్లాడకుండా తిప్పి పెట్టుకునేవారు. పాప అది చూసి తర్వాతి జంటను సరిగా పెట్టేది. ఒకరోజు అవ్వ ధ్యాస ఎటో పోయి మరువం మరిచిపోయారు. పాప రెబ్బ తీసి ఆమె చేతికి తగిలించి “పచ్చ” అంది.

అవ్వతో అదే మొదటి తెలుగు మాట. తప్పు దిద్దడానికి వచ్చింది. మరునాడు అవ్వ కావాలనే రెండుసార్లు మరిచిపోయారట. ఆ ఉపాయం నేను చెప్పింది కాదు.

అన్నం సంగతి

‘కూర పుల్లగా ఉంది’ అన్న ఫిర్యాదు మీద ఎవరికీ అనుమానం రాలేదు. పాపకు ఆకలి తక్కువ అనుకున్నారు. చింతపండు లేని పూట ఉండని ఇల్లు అది. పప్పు విడిగా, పులుపు లేకుండా తీసిపెట్టమన్నాను. ఎండలు మొదలయ్యాక తాత పొద్దున్నే చద్దన్నం తినడం పాప చూసి, నేరుగా వెళ్లి ఆయన గిన్నెలో చేయి పెట్టింది. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పులియబెట్టిన పఖాళ ఒడిశాలో ఇంటింటి తిండి. మార్చి 20ని పఖాళ దినంగా కూడా జరుపుకుంటారు. తాత మితభాషి. ఉల్లిపాయ ముక్క ఒకటి పాప వైపు జరిపారు, అంతే. ఆ ఇంట్లో తల్లిదండ్రులు కాక పాప అందరికంటే ముందు చనువు చేసుకున్న పెద్దమనిషి ఆయనే. ఆయన ఏమీ నేర్పలేదు.

తలనీలాల మొక్కు

చికిత్సలో అన్నింటికంటే కష్టమైన సంభాషణ ఇది. బిడ్డ ఇంటికి వస్తే తిరుమలలో తలనీలాలు ఇప్పిస్తానని అవ్వ ఎప్పుడో మొక్కుకున్నారు. కొండ కింద ఉంటూ మొక్కు బాకీ పెట్టుకోవడమేమిటని ఆమె బాధ. అటు పాప వచ్చినప్పుడు తల మీద బెత్తెడు జుట్టు కూడా లేదు. పదిమంది పిల్లలున్న చోట పేలు పట్టకుండా పొట్టిగా కత్తిరించడం మామూలే. ఇక్కడికి వచ్చాక పెరుగుతున్న జుట్టును పాప అద్దంలో చూసుకుంటుంది, అక్క చేత రిబ్బను కట్టించుకుంటుంది. ఇప్పుడు కల్యాణకట్టలో ఆ జనంలో, ఎవరో తెలియని మనిషి కత్తి పట్టుకుంటే ఎందుకో వివరించడానికి మన దగ్గర భాష లేదు. మళ్లీ సంస్థకు పంపుతున్నారని అనుకున్నా ఆశ్చర్యం లేదు.

మొక్కు తప్పని నేను అనలేదు, అనడం నా పని కాదు. పాప ‘ఎందుకు’ అని తెలుగులో అడిగి, జవాబు విని ఊఁ కొట్టగలిగే వరకు ఆగుదామన్నాను. అవ్వ కొన్ని రోజులు నాతో ముభావంగా ఉన్నారు. తర్వాత తమ పురోహితుణ్ని అడిగి, ఆయన వాయిదాకు ఒప్పుకున్నాక, పాప తరఫున తానే కొండెక్కి మూడు కత్తెరలు ఇచ్చి వచ్చారు.

పేరు మార్చాలన్న మాట కూడా వచ్చింది. తాత తల్లి పేరు పెట్టాలని పెదనాన్న కోరిక. అయిదేళ్ల పిల్ల తన వెంట తెచ్చుకున్న వస్తువులు ఒక సంచిలో పట్టాయి, వాటికి తోడు ఒక పేరు. దాన్ని ఉండనివ్వమన్నాను. తల్లి వెంటనే నా వైపు నిలబడడంతో ఆ చర్చ అక్కడితో ఆగింది.

మేడ మీది అబ్బాయి

పిల్లల మధ్య మాట పెద్దలు అనుకున్న దారిలో రాదు. పాప అన్నింటికంటే ముందు వాడిన తెలుగు మాటలు “నాది”, “పో”, “దొంగ”. మూడూ ఆరేళ్ల అన్న దగ్గర, సైకిల్ తొక్కే వంతు కోసం. తల్లికి సిగ్గేసి నాకు ఫోను చేశారు. కొత్త ఇంట్లో బిడ్డ ఎదురుతిరిగి పోట్లాడుతోందంటే ఇక్కడి నుంచి తరిమేయరని కొంత ధైర్యం వచ్చినట్టే. దెబ్బలాట కొట్టుకునే దాకా పోకుండా చూడండి, మాటలు దిద్దకండి అన్నాను.

ఫోను వీడియోలు తీసేయించాను. 2003లో ప్యాట్రీషియా కూల్ బృందం అమెరికాలో తొమ్మిది నెలల శిశువులతో చేసిన ప్రయోగంలో, ఎదురుగా కూర్చుని ఆడించిన చైనీయుల దగ్గర పిల్లలు మాండరిన్ ధ్వనులు పట్టుకున్నారు, అవే మాటలు టీవీలో వింటే పట్టుకోలేదు. అయిదేళ్ల పిల్లలు తెర నుంచి కొంత నేర్చుకోగలరు, కాదనను. ఈ ఇంట్లో మాత్రం ఫోను చేతికొస్తే పాప పీట దగ్గరకు రావడం లేదు. తీసేయడానికి ఆ కారణమే చాలు.

ఒడియా మాటేమిటి?

తల్లిదండ్రులు నిజాయతీగా అడిగిన ప్రశ్న: “తెలుగు వస్తే ఒడియా పోతుందా?” పోతుంది. మూడు నుంచి ఎనిమిదేళ్ల మధ్య కొరియా నుంచి ఫ్రాన్సుకు దత్తత వెళ్లి పెద్దవాళ్లయిన కొందరిని పాలియే బృందం పరీక్షించి 2003లో ప్రచురించింది. వాళ్లకు కొరియన్ వాక్యాలు పరాయి భాషల్లాగే వినిపించాయి. వారానికి ఒకసారి వచ్చే అమ్మాయితో భాష నిలబడదు. ఇంట్లో రోజూ మాట్లాడే మనిషి ఉండాలి, ఈ ఇంట్లో లేరు. అలాగని పోతున్నదాన్ని మన చేతులతో తుడిచేయనక్కరలేదు. పాప ఒడియాలో పిలిస్తే ‘తెలుగులో చెప్పు’ అనవద్దని నియమం పెట్టాను. సంస్థ అనుమతితో మౌసీ గొంతులో ఒక జోలపాట రికార్డు చేయించి తెచ్చుకున్నారు. ఆ పాట, వచ్చిన రోజు వేసుకున్న గౌను ఒక పెట్టెలో పాపకు అందేలా ఉంచారు. తల్లి పది పన్నెండు ఒడియా వాక్యాలు నేర్చుకున్నారు. వాటిలో ‘నేను మళ్లీ వస్తాను’ అన్నది ఎక్కువ పనిచేసిందని ఆమె అంటారు.

ప్రస్తుతం

పాప ఇప్పుడు రెండు మూడు మాటల తెలుగు వాక్యాలు కడుతుంది. చెప్పింది చాలావరకు అర్థమవుతుంది. అవ్వ పక్కన కూర్చుంటుంది, ఆమె తల దువ్వితే ఊరుకుంటుంది, జ్వరం వస్తే మాత్రం తల్లి దగ్గరకే పరుగెడుతుంది. అవ్వకు ఇది ఇంకా చిన్న ముల్లే. అలా ఉండడమే మేలని ప్రతిసారీ చెబుతున్నాను. పడుకోవడం తల్లి పక్కనే. మేనత్త, చిన్నతాత వంటి దూరపు వరుసలకు పాప ఇంకా తలుపు వెనకే. గంగమ్మ జాతరకు పాపకు వేషం కట్టాలన్న సరదాను తండ్రే మానిపించి, మిద్దె మీద నుంచి చూపించారు. బైరాగి వేషాల తెల్లటి ఒళ్లు చూసి పాప ఆయన మెడ వదల్లేదు, చూడడం మాత్రం మానలేదు.

జూన్‌లో బడి. టీచరుకు ఒక పేజీ రాసిచ్చాను: తరగతి ముందు నిలబెట్టి మాట్లాడించవద్దు, దత్తత సంగతి మిగతా పిల్లల తల్లిదండ్రులతో చర్చించవద్దు, ‘మీ పాత ఊరు ఏది’ అని అడగవద్దు, పుస్తకాలు పంచడం వంటి చేతి పని ఇవ్వండి. దసరా సెలవుల నాటికి బడిలో ఎవరితోనూ ఒక్క మాటా పెగలకపోతే, లేదా ఇంట్లో వచ్చిన మాటలు వెనక్కి పోతుంటే నా దగ్గరకు పంపండి. తెలుగు భాషా పరీక్ష అప్పుడే చేస్తాను. ఇప్పుడు చేస్తే వచ్చే అంకెతో ఎవరికీ ఉపయోగం లేదు, ఎవరో ఒకరు దాన్ని ఫైలులో పెట్టి ‘మందకొడి’ అని చదువుతారు.

ఒక పని ఇంకా మిగిలే ఉంది. సాయానికి వచ్చే విద్యార్థిని చదువు పూర్తయి ఒడిశా వెళ్లిపోతోంది. ఈ పాప జీవితంలో మనుషులు చెప్పకుండానే మాయమయ్యారు. ఈసారి ముందే చెప్పాలి: క్యాలెండరులో తేదీ చూపించి, ఆమె చేత ఒడియాలో, తల్లి చేత తెలుగులో. మళ్లీ వచ్చే ఉద్దేశం ఉంటేనే వస్తానని చెప్పమన్నాను. అప్పుడప్పుడూ ఫోను చేస్తానని ఆమె అంటోంది. ఎన్నాళ్లకొకసారో నిజంగా చేయగలిగింది మాత్రమే పాపకు చెప్పమని, అది కూడా తల్లి ముందే తేల్చుకోమని ఇద్దరినీ కూర్చోబెట్టాను.